సినిమా చూసి పిల్లలు రాకెట్ అంటున్నారు: నీళ్ల రాకెట్ పది అడుగులు దాటట్లేదు, తప్పెక్కడ?

మొగప్పేర్_అమ్మ

'అక్టోబర్ స్కై' చూసినప్పట్నుంచీ మా ఏడో తరగతి పిల్లాడికీ ఎదురింటి ఇద్దరికీ రాకెట్ తప్ప వేరే ధ్యాస లేదు. బొగ్గుగని ఊళ్లో పిల్లలు 1957లో స్పుత్నిక్ అనే తొలి ఉపగ్రహాన్ని చూసి రాకెట్లు కట్టారంటే, శ్రీహరికోటకి ఇంత దగ్గర్లో చెన్నైలో ఉండి మనం కట్టలేమా అని వాదన. నిప్పుతో ఆటలొద్దు, నీళ్ల రాకెట్ అయితే సరే అన్నాను.

చేసింది ఇదీ: లీటరు మినరల్ వాటర్ బాటిల్, సగానికి నీళ్లు, మూతికి రబ్బరు బిరడా, అందులో ఫుట్‌బాల్‌కి గాలి కొట్టే సూది, మామూలు సైకిల్ పంపు. అట్టతో మూడు రెక్కలు, సెల్లో టేపు. పంపు నాలుగైదు సార్లు కొట్టేసరికి బిరడా చుట్టూ నీళ్లు కారిపోతున్నాయి. ఎగిరినా పది అడుగులే, అదీ గాల్లో గిరికీలు కొట్టి అడ్డంగా పడుతోంది. ఏం మార్చాలి? కొనాల్సినవి చెన్నైలో ఎక్కడ దొరుకుతాయో కూడా చెప్పండి.

పైపుల_పిచ్చి

మూడు తప్పులు ఒకేసారి ఉన్నాయి అక్కా, అందుకే ఏది దేనివల్లో తెలియట్లేదు.

మొదటిది బాటిల్. మినరల్ వాటర్ బాటిల్ ఒత్తిడి తట్టుకోవడానికి చేసింది కాదు, పల్చన. గ్యాస్ ఉన్న కూల్‌డ్రింక్ బాటిలే వాడాలి. అడుగున ఐదు కాళ్లలా గుంటలు పడి ఉంటుందే, ఆ రకం. 1.25 లీటర్లదైనా సరే, 2 లీటర్లదైతే మేలు. మామిడి జ్యూస్ బాటిల్ గట్టిగా కనిపిస్తుంది కానీ దాని గోడలు పలకలు పలకలుగా ఉంటాయి, గాలి ఎక్కితే ఉబ్బి ఆకారం పోతుంది. గోడని ఇసుక కాగితంతో గీకొద్దు. ఫెవిక్విక్ లాంటివి బాటిల్‌కి తగలనివ్వొద్దు, ఆ చోట ప్లాస్టిక్ పెళుసెక్కి తర్వాత అక్కడే చీలుతుంది. వేడి గ్లూ గన్ కూడా అంతే, ఇది 70 డిగ్రీలు దాటితే మెత్తబడే ప్లాస్టిక్. అందుకే మే ఎండలో కారు వెనక అద్దం దగ్గర బాటిళ్లు పెట్టుకుని మైదానానికి బయల్దేరొద్దు.

రెండోది నీళ్లు. సగం ఎక్కువ. మూడో వంతుకి కాస్త తక్కువే ఉండనివ్వండి, 2 లీటర్ల బాటిల్‌కి 600 నుంచి 650 మిల్లీలీటర్లు. నీళ్లని బయటికి తోసేది లోపల నొక్కుకుపోయిన గాలి. నీళ్లు ఎక్కువ పోస్తే గాలికి చోటు తగ్గుతుంది, పైగా మోయాల్సిన బరువు పెరుగుతుంది. మరీ తక్కువైతే 'ఫట్' మని గాలి పోతుంది, తోపు ఉండదు. కొలపాత్రతో కొలిచి పోయండి, కంటి అంచనాతో కాదు. లేకపోతే రెండు ప్రయోగాల్ని పోల్చలేం.

మూడోది ముక్కు. గిరికీలు కొట్టడానికి కారణం అక్కడ బరువు లేకపోవడం. ఖాళీ బాటిల్ 50 గ్రాముల లోపే ఉంటుంది. రెక్కలూ టేపూ అన్నీ వెనకే కాబట్టి బరువు మధ్యబిందువు కూడా వెనక్కి జారుతుంది. ముక్కులో పిల్లలాడుకునే బంకమట్టి 60 నుంచి 80 గ్రాములు పెట్టండి. ముక్కుకి ఇంకో బాటిల్ పైభాగం కోసి తొడిగితే చాలు. లోపల మట్టి అద్ది, పైన సగానికి కోసిన టెన్నిస్ బంతి అంటిస్తే పడినప్పుడు దెబ్బ తీవ్రత తగ్గుతుంది. కూచిగా అట్టకోన్ మాత్రం వద్దు.

చాలిందో లేదో తెలియాలంటే రాకెట్‌ని నీళ్లు లేకుండా వేలిమీద నిలబెట్టి బరువు ఎక్కడ సమం అవుతుందో గుర్తుపెట్టండి. తర్వాత రాకెట్ పక్క ఆకారాన్ని, రెక్కలతో సహా, అట్టమీద గీసి కత్తిరించి అదీ వేలిమీద నిలబెట్టండి. అట్ట సమమైన చోటుని గాలి నెట్టే బిందువు అనుకోవచ్చు. బరువు బిందువు దానికంటే ముక్కువైపు కనీసం ఒక బాటిల్ వెడల్పు, అంటే 10, 11 సెంటీమీటర్లు, ముందుండాలి. లేకపోతే మట్టి పెంచండి, లేదా రెక్కలు పెద్దవి చెయ్యండి. నమ్మకం కుదరకపోతే బరువు బిందువు దగ్గర రెండు మీటర్ల దారం కట్టి గుండ్రంగా తిప్పి చూడండి. ముక్కు ముందుకి పెట్టి తిరిగితే సరే, అడ్డంగా తిరిగితే అది ఎగరదు.

రెక్కలకి అట్ట వద్దు, ఒక్క ప్రయోగంతో తడిసి మెత్తబడుతుంది. ఎన్నికల బోర్డులకి వాడే, లోపల సన్నటి గొట్టాల్లా గాళ్లున్న ప్లాస్టిక్ షీటు, సన్‌ప్యాక్ అంటారు, ఏ ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపులోనైనా ముక్కలు దొరుకుతాయి. గాళ్లు బాటిల్ గోడకి అడ్డంగా వచ్చేలా కోస్తే రెక్క ఊగదు.

అంబత్తూర్_లేత్

బిరడా సంగతి ఎవరూ చెప్పలేదు. బిరడా ఎంత ఒత్తిడికి ఊడుతుందో దాని ఇష్టం. ఒకసారి 15 పీఎస్ఐ (పంపు మీటర్ చూపించే గాలి ఒత్తిడి కొలత), ఇంకోసారి 30. సరైన లాంచర్, అంటే గాలి ఎక్కేదాకా బాటిల్‌ని పట్టి ఉంచి తాడు లాగగానే వదిలే అమరిక, ఉంటే 60 దాకా వెళ్లొచ్చు. పిల్లలతో చేసేటప్పుడు అంతకు మించొద్దు.

ముందు పైపు. ఇక్కడే చాలామంది తప్పు సరుకు కొంటారు. కూల్‌డ్రింక్ బాటిల్ మూతి లోపలి వ్యాసం సుమారు 21.7 మి.మీ. అర అంగుళం షెడ్యూల్ 80 (గోడ మందం తరగతి) యూపీవీసీ ప్లాస్టిక్ పైపు బయటి వ్యాసం 21.3. చక్కగా దూరుతుంది. మేడమీద వేడినీళ్లకి వాడే మీగడ రంగు సీపీవీసీ అడిగితే అర అంగుళంది 15.9 ఉంటుంది, లొడలొడలాడుతుంది. ముప్పావుది 22.2, అసలు దూరదు. దుకాణానికి ఖాళీ బాటిల్ పట్టుకెళ్లి అక్కడే పెట్టి చూడండి, దాన్ని మించిన కొలత లేదు. పారీస్ దాకా వెళ్లక్కర్లేదు, మీ వీధి చివర హార్డ్‌వేర్ షాపులోనే దొరుకుతుంది.

బాటిల్ లోపలికి 20 సెంటీమీటర్లు వెళ్లేలా పైపు ఉండాలి. అప్పుడు పైపు కొన నీటి మట్టం కంటే పైన ఉంటుంది, నీళ్లు పంపులోకి దిగవు. బాటిల్ తిన్నగా బయల్దేరడానికి అదే పట్టాలా పనిచేస్తుంది. మూతి కూర్చునే చోట పైపు చుట్టూ 2 మి.మీ. లోతు గాడి తీయించి ఓ-రింగ్ (గాలి పోకుండా ఆపే రబ్బరు ఉంగరం) వెయ్యాలి: లోపలి వ్యాసం 17, మందం 2.4. షెడ్యూల్ 40 పైపు గోడ 2.8 మి.మీ.యే, గాడి తీస్తే మిగిలేది ఏమీ లేదు. అందుకే 80 అన్నాను. ఏ చిన్న లేత్ షాపులోనైనా అయిదు నిమిషాల పని. రింగుకి కొంచెం సిలికాన్ గ్రీజు రాయండి. కొబ్బరినూనె, వాజలీన్ వద్దు, రబ్బరు ఉబ్బుతుంది.

బాటిల్‌ని పట్టుకునేది కేబుల్ టైలు, అంటే వైర్లు కట్టే ప్లాస్టిక్ పట్టీలు. మూతి కింద ఉంగరంలా అంచు ఉంటుంది చూడండి, టైల తలలు ఆ అంచు మీద కొక్కేల్లా కూర్చోవాలి. పైపు చుట్టూ 10, 12 టైలు నిలువుగా పేర్చి కింద హోస్ క్లాంపుతో (స్క్రూతో బిగించే లోహపు పట్టీ) బిగించండి. తలలు బయటికి విచ్చుకోకుండా పైనుంచి ఒక గొట్టం ముక్క తొడగాలి, ఎక్కువగా ఒకటిన్నర అంగుళంది సరిపోతుంది. ఆ గొట్టాన్ని తాడుతో కిందికి లాగితే తలలు విచ్చుకుని బాటిల్ వదిలేస్తుంది. తాడు రెండు పక్కలా కట్టి ఒకటిగా కలపండి. ఒకే పక్క కడితే గొట్టం ఒరిగి ఇరుక్కుంటుంది, రాకెట్ వంకరగా పోతుంది. 60 పీఎస్ఐ దగ్గర ఆ టైలు పట్టుకోవాల్సింది 15 కిలోల పైమాటే, కాబట్టి సన్నటి నాసిరకం టైలు వద్దు.

గాలికి: కింద ఎల్బో (వంపు పైపు ముక్క), చిన్న పైపు ముక్క, హోస్ తొడిగే నిపుల్, 5 మీటర్ల దారపు అల్లిక ఉన్న హోస్, ఇంకో చివర ఎండ్ క్యాప్‌లో 11.5 మి.మీ. రంధ్రం చేసి పంచర్ షాపులో దొరికే ట్యూబ్‌లెస్ టైరు వాల్వ్. మీ సైకిల్ పంపుకి మీటర్ ఉండదు, మీటర్ ఉన్న ఫ్లోర్ పంపు కావాలి. పీవీసీ సొల్యూషన్ (పైపులు అతికే జిగురు) పూసిన అతుకుల్ని 24 గంటలు ఆరనివ్వాలి. సాయంత్రం అతికించి పొద్దున్నే గాలి కొడితే అతుకు ఊడి మొహమ్మీదికి వస్తుంది. పీవీసీ గాలి ఒత్తిడికి పగిలితే గాజులా ముక్కలవుతుంది కాబట్టి బయట ఉన్న పైపు ముక్కలన్నిటికీ పాత గుడ్డ గట్టిగా చుట్టండి.

నీళ్లు పోసిన బాటిల్‌ని లాంచర్ మీద బోర్లిస్తే అన్నీ ఒలికిపోతాయి. బాటిల్‌ని నిటారుగానే ఉంచి లాంచర్‌ని తలకిందులుగా అందులోకి దించి, రెంటినీ కలిపి తిప్పండి.

మొదటిసారి ఒత్తిడి పరీక్ష బాటిల్ నిండా నీళ్లతో చెయ్యండి, 80 దాకా. నీళ్లు నొక్కుకుపోవు కాబట్టి పగిలినా చీలి కారుతుందంతే, పేలదు. గోడమీద ఎక్కడైనా తెల్లటి మడత గీత కనిపించిన బాటిల్‌ని ఆ రోజే పారెయ్యండి.

మొగప్పేర్_అమ్మ

ఇద్దరికీ చాలా థాంక్సండీ. ఒక్క సందేహం. పిల్లలు వీడియోలు చూసి చక్కెర కలిపిన మందుతో చేస్తామంటున్నారు, సినిమాలో వాళ్లూ అలాగే కలిపారు కదా అని. ఎత్తు కొలిచే పద్ధతి కూడా కావాలి.

అంబత్తూర్_లేత్

మందు మాట ఎత్తొద్దు. 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కింద లైసెన్సు లేకుండా అలాంటిది తయారుచెయ్యడమే నేరం. టపాకాయలు విప్పి మందు పోగుచెయ్యడం ఇంకా ఘోరం, రాపిడికే అంటుకుంటుంది. సినిమాలో మొదటి రాకెట్ ఇంటి కంచెని ఎగరగొట్టిన సీన్ మళ్లీ ఒకసారి చూపించండి.

నీళ్లేం తక్కువ తినలేదు. 60 పీఎస్ఐ దగ్గర నీళ్లు గంటకి 100 కిలోమీటర్ల వేగంతో బయటికొస్తాయి, ఆ క్షణంలో తోపు దాదాపు 30 కిలోల బలం. ముప్పావు కిలో వస్తువు మీద అంత బలం! తాడు లాగేవాళ్లు 5 మీటర్ల వెనక, మిగతావాళ్లు 10 మీటర్లు, అందరికీ కళ్లద్దాలు. ఎగరకపోతే దగ్గరికెళ్లి తొంగిచూడొద్దు. ముందు వాల్వ్ పిన్ను నొక్కి దూరం నుంచే గాలి తీసెయ్యాలి.

లెక్కల_సారు

కొలిచేది ఆ సినిమాలోనే ఉంది. తప్పిపోయిన రాకెట్ 14 సెకన్లు కిందికి పడిందన్న లెక్కతోనే కదా వాళ్లు అడవి తగలబెట్టలేదని రుజువు చేసేది. 14ని 14తో, మళ్లీ 16తో హెచ్చిస్తే 3136, అంటే మూడు వేల పైచిలుకు అడుగులు. మీ రాకెట్‌కీ అదే సూత్రం, మీటర్లలో అయితే 16 బదులు 4.9. శిఖరం నుంచి నేలకి 3 సెకన్లు పడితే 4.9ని 9తో హెచ్చించండి, 44 మీటర్లు. ఖాళీ బాటిల్‌ని గాలి ఆపుతుంది కాబట్టి నిజం ఎత్తు దీనికంటే తక్కువ. ప్యారాచూట్ కడితే ఈ లెక్క పూర్తిగా పనికిరాదు.

రెండో పద్ధతి కోణం. జామెట్రీ బాక్సులోని కోణమాని మధ్యలో దారం కట్టి, దానికి బోల్టు వేలాడదియ్యండి. అంచు మీద జ్యూస్ స్ట్రా అంటించండి. లాంచర్‌కి సరిగ్గా 30 మీటర్ల దూరంలో నిలబడి శిఖరాన్ని స్ట్రాలోంచి చూసి దారం పట్టెయ్యాలి. దారం చూపించే అంకెని 90లోంచి తీసేస్తే కోణం. 45 వస్తే 30 మీటర్లు, 50 వస్తే 36, దానికి కొలిచేవాళ్ల కంటి ఎత్తు కలపాలి. ఇద్దరు పిల్లలు లాంచర్‌కి చెరో వైపు నిలబడి కొలిచి సగటు తీస్తే రాకెట్ గాలికి వాలిన తేడా చాలావరకు పోతుంది.

నోటుబుక్కులో నీళ్లు, పీఎస్ఐ, ముక్కు బరువు, కోణం రాయించండి. ఒకసారికి ఒక్కటే మార్చాలి, ఒక్కో మార్పుకి మూడు ప్రయోగాలు. పిల్లలు అన్నీ ఒకేసారి మార్చేస్తారు, అక్కడే కాస్త గట్టిగా ఉండాలి.

చోటు గురించి: అపార్ట్‌మెంట్ ఆవరణ చాలదు, ఫుట్‌బాల్ మైదానమంత కావాలి. కరెంటు తీగలూ కొబ్బరిచెట్లూ లేని బడి మైదానం అడగండి. కొబ్బరి మట్టలో ఇరుక్కున్న రాకెట్‌ని మర్చిపోవడమే. మీనంబాక్కంలో దిగే విమానాలు తక్కువ ఎత్తులో వెళ్లే పోరూర్, పమ్మల్ వైపు వద్దు. పొద్దున ఎనిమిది లోపు ముగించండి. ఎండాకాలం మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి మొదలవుతుంది. రెక్కలున్న రాకెట్ గాలికి ఎదురు తిరుగుతుంది కాబట్టి తూర్పుకి వంగి లేస్తుంది, అప్పుడు మీ కోణాలన్నీ తప్పే.

సూళ్లూరుపేట_లోకల్

పిల్లల్ని అసలు రాకెట్ దగ్గరికీ తీసుకురండి. శ్రీహరికోటలో లాంచ్ వ్యూ గ్యాలరీ ఉంది. ప్రయోగానికి కొద్ది రోజుల ముందు ఇస్రో వెబ్‌సైట్‌లో రిజిస్ట్రేషన్ తెరుస్తారు, త్వరగా నిండిపోతుంది. గుర్తింపు కార్డు తప్పనిసరి. గుమ్మిడిపూండి మీదుగా సూళ్లూరుపేట దాకా లోకల్ రైలు ఉంది. వాయిదా పడొచ్చని పిల్లలకి ముందే చెప్పి తీసుకురండి.

స్టాప్‌వాచ్ మర్చిపోవద్దు. మంట కనిపించిన క్షణం నొక్కి, మోత చెవిన పడ్డాక ఆపండి. సెకన్లని 340తో హెచ్చిస్తే ఎన్ని మీటర్ల దూరంలో ఉన్నారో వస్తుంది. ఇస్రో రాకెట్ పీఎస్ఎల్‌వీ ఎత్తు 44 మీటర్లు. మీ బాటిల్ అంత ఎత్తు ఎగిరితే పీఎస్ఎల్‌వీ తలని తాకినట్టే.

మొగప్పేర్_అమ్మ

లాంచర్ కట్టాం. నిండా నీళ్లతో పరీక్షలో 40 దగ్గరే టైల తలలు అంచు మీంచి జారి బాటిల్ ఊడిపోతోంది. గొట్టం తొడిగే ఉంది.

అంబత్తూర్_లేత్

గొట్టానికీ తలలకీ మధ్య సందు ఎక్కువై ఉంటుంది. గొట్టం లోపల ఇన్సులేషన్ టేపు రెండు మూడు చుట్లు వెయ్యండి, తలలకి ఆనీ ఆననట్టు జారాలి. అప్పటికీ జారితే టైలు తిరగేసి పెట్టారేమో చూడండి. తలలోని ఉబ్బెత్తు భాగం లోపలికి, బాటిల్ మెడవైపు ఉండాలి.