జన్యు ‘సవరణ’ అనాలా, ‘దిద్దుబాటు’ అనాలా?

ఒక సైన్సు వ్యాసం తెలుగు చేస్తూ రెండు రోజులుగా ఒక్క మాట దగ్గర ఇరుక్కుపోయాను. జీన్ ఎడిటింగ్, అంటే కణంలోని జన్యువును కావాలని కోసి మార్చడం. పత్రికల్లో ‘జన్యు సవరణ’ అని చూస్తున్నాం కదా అని నేనూ అదే రాసేశాను. పంపే ముందు ఒకసారి చదువుకుంటే ఈ వాక్యం గొంతులో ముల్లులా తగిలింది: ‘2018లో చైనా శాస్త్రవేత్త హే జియాన్‌కుయ్ కవల పిండాల్లో జన్యువును సవరించాడు.’

సవరించడమంటే చెదిరినదాన్ని సరిచెయ్యడం. జుట్టు సవరించుకుంటాం, పమిట సవరించుకుంటాం, గొంతు సవరించుకుంటాం. మరి ఆ పిండాల్లో చెదిరిందేముంది? తండ్రికి హెచ్‌ఐవీ ఉంది, అంతే. వీర్యాన్ని శుభ్రపరిచి వాడే పద్ధతి ఉండనే ఉంది, తండ్రి నుంచి బిడ్డకు వైరస్ రాకుండా చూడడానికి అది చాలు. ఈయన చేసింది వేరే పని. ముందు ముందు కూడా హెచ్‌ఐవీ సోకకూడదని ఆ వైరస్ కణంలోకి దూరే తలుపును తయారుచేసే సీసీఆర్5 అనే జన్యువును, నిక్షేపంగా ఉన్నదాన్ని, పనిచెయ్యకుండా చెయ్యాలని కోశాడు. దాన్ని ‘సవరించాడు’ అని రాస్తే నేను ఆయన తరఫున వకాల్తా పుచ్చుకున్నట్టు కాదూ? ‘దిద్దుబాటు’ అంటే ఇంకా అన్యాయం అనిపిస్తోంది. ఏమంటారు?

— — —

మీరు మరీ తవ్వుతున్నారండీ. రాజ్యాంగ సవరణ అంటాం, తప్పు ఉందనే చేస్తామా? కొత్తగా చేర్చినా సవరణే, ఉన్నది తీసేసినా సవరణే. జనానికి అలవాటైన మాటను కదిలించకండి. ‘కూర్పు’ అని మాత్రం ఎవరూ సలహా ఇవ్వకండి దయచేసి. సినిమా టైటిల్స్‌లో ఎడిటింగ్‌కి ఆ మాట బాగానే ఉండేది గానీ, ‘జన్యు కూర్పు’ అంటే ఇప్పటికే ఉన్న అమరిక అని అర్థం.

— — —

(పోస్టు పెట్టినవారు) రాజ్యాంగ సవరణకు సభలో ఓటింగు ఉంటుంది కదండీ, మూడింట రెండొంతులు ఒప్పుకోవాలి. పిండాన్ని ఎవరడిగారు? ఆ పిల్లలకు పుట్టబోయేవాళ్లను ఎవరడుగుతారు?

— — —

పుట్టబోయేవాళ్లను అడిగి చేసే పని లోకంలో ఒక్కటి చెప్పండి చూద్దాం. నన్ను కనే ముందు మా అమ్మానాన్నా అడిగారా? అంగీకారం అనే ఒక్క మాటతో ఈ వాదన తేలదు.

— — —

హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను, అందుకని రెండు ముక్కలు. ‘దిద్దుబాటు’ నీతి సంగతి తర్వాత, అసలు నిజమే కాదు చాలాసార్లు. సికిల్ సెల్ అని ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు ఉంది కదా, హీమోగ్లోబిన్ తయారుచేసే జన్యువులో ఒక్క అక్షరం (జన్యువు అనే రాతలో ఒక రసాయన ముక్క) మారడం వల్ల వస్తుంది. 2023లో ముందు బ్రిటన్, తర్వాత అమెరికా క్యాస్‌జెవీ అనే చికిత్సకు అనుమతిచ్చాయి. ఆ ఒక్క అక్షరాన్ని దిద్దుతారు కాబోలు అనుకుంటారు అందరూ, నా పిల్లలూ అలాగే రాస్తారు పరీక్షలో. కాదు. బీసీఎల్11ఏ అని వేరే జన్యువు దగ్గర కత్తెర వేస్తారు. కడుపులో ఉన్నప్పుడు తయారై, పుట్టాక దాదాపుగా ఆగిపోయే హీమోగ్లోబిన్ ఒకటుంది. దాన్ని ఆపి ఉంచేది ఆ జన్యువే కాబట్టి, కత్తెర పడ్డాక అది మళ్లీ మొదలవుతుంది. తప్పు అక్షరం తప్పుగానే ఉండిపోతుంది, మనిషి మాత్రం కోలుకుంటాడు. అదే 2025లో అమెరికాలో, సీపీఎస్1 లోపంతో (ఒంట్లో అమ్మోనియా పేరుకుపోయే పుట్టుజబ్బు) పుట్టిన ఒక పసివాడికి వాడొక్కడి కోసమే తయారుచేసిన మందుతో కాలేయ కణాల్లో ఒక అక్షరం మార్చారు. అది అక్షరాలా దిద్దుబాటే.

ఇంకోటి. ఈ రెండూ ఆ మనిషితో ఆగిపోతాయి. పిండంలో చేసింది వంశంలోకి పోతుంది. మీరు ఏ క్రియ వాడినా సరే, ముందు ‘దేహకణాల్లో’ అనో ‘పిండంలో’ అనో పెట్టకపోతే చదివేవాళ్లకు రెండూ ఒకటే అనిపిస్తాయి. నాకైతే గొడవంతా అక్కడుంది, సవరణలో కాదు.

— — —

టీచర్ గారూ, నమస్కారం. ‘దిద్దు’ను అందరూ కలిసి తప్పుల ఖాతాలో వేసేశారు, దాని తరఫున నేనొచ్చాను. పలక మీద పెద్దవాళ్లు రాసిచ్చిన ‘అ’ మీద పిల్లాడు మళ్లీ మళ్లీ బలపం తిప్పుతాడు చూడండి, దాన్నే దిద్దడం అంటాం. అక్కడ తప్పేముంది? బొట్టు దిద్దుకుంటాం, ముగ్గు తీర్చిదిద్దుతాం. అంటే లోపాన్ని పోగొట్టడమూ దిద్దడమే, ఉన్నదానికి వన్నె పెట్టడమూ దిద్దడమే. జబ్బు నయం చెయ్యడం ఒకటి, బిడ్డను ఇంకాస్త పొడుగ్గా చురుగ్గా పుట్టించాలనుకోవడం ఇంకొకటి అని శాస్త్రవేత్తలు గీత గీయడానికి తంటాలు పడుతున్నారు. మన మాటలో ఆ గీత లేనే లేదు! ‘పిల్లల్ని తీర్చిదిద్దాలి’ అని మెచ్చుకోలుగా అంటాం కదా, ఆ కోరికే పిండం దాకా వెళితే ఏమవుతుందో ఆలోచించండి. (ఎత్తు విషయంలో భయం అక్కర్లేదనుకోండి, దాని మీద ప్రభావం చూపే జన్యు తేడాలు వేలల్లో ఉన్నాయి. ఇప్పట్లో అవన్నీ దిద్దేవాడు లేడు.)

— — —

తాళపత్రాలతో పనిచేసేవాణ్ణి. మా దగ్గర ఇంకో మాట ఉంది: పాఠాంతరం. ఒకే పద్యం పది ప్రతుల్లో పది రకాలుగా ఉంటే ‘ఇది తప్పు’ అని కొట్టెయ్యం. పరిష్కర్త ఒకటి ఎంచుకుంటాడు, మిగిలినవి కింద ఇస్తాడు, రేపు ఇంకొకడు వచ్చి నువ్వు ఎంచుకున్నది పొరపాటు అనవచ్చు. జన్యువులోనూ అంతే కదా. సికిల్ సెల్ అక్షరం తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కరి నుంచే వస్తే మలేరియా ముదరకుండా కొంత కాపాడుతుంది, ఇద్దరి నుంచీ వస్తేనే జబ్బు. అది తప్పా, పాఠాంతరమా? సీసీఆర్5లో 32 అక్షరాలు లోపించిన పాఠం ఐరోపాలో కొందరికి పుట్టుకతోనే ఉంది, హెచ్‌ఐవీకి లొంగనిది అదే. ఆ చైనా కవలల్లో వచ్చింది అచ్చంగా ఆ పాఠమైనా కాదు. దాన్ని దగ్గర పెట్టుకుని సొంతంగా ఏదో రాశారు. మూలంలో లేనిది తర్వాత ఎవరో చొప్పిస్తే మేమైతే ప్రక్షిప్తం అంటాం.

— — —

ప్రక్షిప్తం భలే ఉంది గానీ పత్రికలో వేస్తే నలుగురికి అర్థం కాదు.

— — —

పాఠాంతరం అనడం చాలా బాగుంది సర్, చదవడానికి. సికిల్ సెల్ ఉన్న పిల్లాడి పక్కన రాత్రంతా కూర్చున్నదాన్ని నేను. ఎముకల్లో నొప్పి లేస్తే దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడుస్తాడు. ఆ వేళ నాకది తప్పే. ఎవరు దిద్దినా దణ్ణం పెడతాను.

— — —

అమ్మా, క్షమించండి. ఆ మాట నేను పత్రాల ముందు కూర్చుని అన్నాను.

— — —

(పోస్టు పెట్టినవారు) అందరికీ కృతజ్ఞతలు. శీర్షికలో ‘జన్యు సవరణ’ అలాగే ఉంచాను, అలవాటైన మాట. సికిల్ సెల్ పేరాలో ఏ మాటా పెట్టుకోకుండా ‘చికిత్స’ అని సరిపెట్టాను. కాలేయం పేరాలో ‘దిద్దారు’. కవలల దగ్గర ‘సవరించాడు’ కొట్టేసి, ‘పిండంలో జన్యువును కోసి మార్చాడు’ అని రాశాను. ఆ మరుసటి ఏడాది, 2019లో, చైనా కోర్టు ఆయనకు 3 ఏళ్ల జైలు వేసింది ‘అక్రమ వైద్యం’ కింద. ఇప్పుడు ఆ ‘వైద్యం’ దగ్గర ఆగిపోయాను.