బట్టీ తల్లులు అంగన్‌వాడీకి రావట్లేదు, ఏం చేయాలి?

టీచరమ్మ, నల్గొండ:
మా సెంటర్‌కు కిలోమీటరున్నర దూరంలో ఇటుక బట్టీ ఉంది. ఒడిశా బలంగీర్, నువాపడా దిక్కు నుంచి ఏటా దీపావళి దాటాక వస్తారు, వానలకు ముందు పోతారు. ఈసారి గర్భిణులు, బాలింతలు కలిపి ఏడుగురు. ఆరోగ్యలక్ష్మి కింద రోజూ అన్నం, పప్పు, గుడ్డు, 200 మి.లీ. పాలు. ఇక్కడే తినిపోవాలి. రెండుసార్లు కబురు పెడితే ఒక్కామె వచ్చింది. చెప్పులు చేతిలో పట్టుకుని గడప బయటే నిలబడింది. మా ఊరోళ్లు చాప తమవైపు లాక్కున్నారు. అన్నం ముట్టలేదు. గుడ్డు కొంగున ముడేసుకుంది, పెద్ద పిల్లకట. మళ్లీ రాలేదు. భాష రాకనేనా? ఇంకో మాట, చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది: నా నోట్‌బుక్‌లో వాళ్ల పేర్లు లేవు. ఒరిస్సా-1, ఒరిస్సా-2 అని రాసుకున్నా.

పాలమూరోణ్ణి:
నేను బొంబాయిలో ఇసుక కుప్పల మీద పెరిగినోణ్ణి, మాది కోస్గి దిక్కు. గుంపు మేస్త్రీ అడ్వాన్సు తీసుకున్నాక అమ్మకు గంట పక్కకు పోవాలన్నా భయమే. బట్టీలో వెయ్యి ఇటుకలకు ఇంత అని లెక్క, ఆలుమగలు జట్టుగా చేస్తారు. ఆమె మీ దగ్గరికొస్తే ఆ ఇటుకలెవరు కొట్టాలి? మీరే పోండి, ఏ టైముకు తీరుతుందో అడగండి. చాప సంగతంటారా, అది భాష కాదు. మీ ఊరి ఆడోళ్లతో మీరే తేల్చుకోవాలి.

హ్యూస్టన్ నుంచి, సొంతూరు దేవరకొండ:
మా పిల్లల బడిలో మెక్సికో, గ్వాటెమాలా తల్లులు ఎక్కువ. ఇళ్లు తుడిచి, హోటల్ గదులు సర్ది బతుకుతారు. ఈ దేశంలో ఉండటానికి కాగితాలు లేకున్నా పిల్లల్ని బడి కాదనకూడదని 1982లోనే ఇక్కడి సుప్రీంకోర్టు చెప్పింది, అదీ టెక్సాస్ కేసులోనే. అయినా ఫారం చూస్తే వాళ్లకు టెన్షన్. బడి స్పానిష్‌లో నోటీసు పంపి చేతులు దులుపుకుంటుంది. ఒకామెకు స్పానిషే అంతంతమాత్రం, ఇంట్లో మాట్లాడేది అక్కడి ఆదివాసుల మాయా భాషట! మీవాళ్లదీ ఒడియానో, పడమటి ఒడిశాలో మాట్లాడే సంబల్‌పురీనో అడిగారా? ఇక్కడ 'ప్రొమోతోరా' అని వాళ్లలోంచే ఒకామెకు శిక్షణ ఇచ్చి ఇల్లిల్లూ తిప్పుతారు. ఆమె చెప్తే వింటారు.

సూపర్‌వైజర్ అక్క:
మన అంగన్‌వాడీ యాప్ పోషణ్ ట్రాకర్‌లో వలస వచ్చినవాళ్ల పేర్లు ఇక్కడికి మార్చుకునే వీలుంది, వాళ్ల ఊర్లో పేరుందో లేదో అడగండి. ఒడిశా రేషన్ కార్డుతో బియ్యం ఇక్కడా తీసుకోవచ్చు.

టీచరమ్మ:
నిన్న నాలుగింటికి ఆయాతో పోయిన. సంబల్‌పురీనే. ఒకామెకు కాస్త తెలుగొచ్చు, వాళ్లన్నకు హైదరాబాద్‌లో పనట. ఏడు పేర్లూ ఆమే రాయించింది, పలకడం తప్పితే నవ్వి దిద్దింది. సాయంత్రమైతే నలుగురు వస్తారట. కానీ మా వంట ఒంటిగంటకే అయిపోతుంది. సూపర్‌వైజరక్కా, వీళ్ల పాలు, గుడ్లు నాలుగింటికి బట్టీ దగ్గరే ఇస్తే రిజిస్టర్‌లో ఒప్పుకుంటారా?