ర్యాలీ రిగ్‌కి సీక్వెన్షియల్ షిఫ్టర్: ఏది కొనాలి, ఎలా బిగించాలి?

అందరికీ నమస్కారం. మాది విజయనగరం. లాజిటెక్ జీ29 గేమింగ్ స్టీరింగ్ వీల్‌తో పీసీలో డర్ట్ ర్యాలీ 2.0 అనే కార్ రేసు గేమ్ ఆడుతున్నాను. స్టీరింగ్ వెనకున్న ప్యాడిల్స్‌తో గేర్లు మార్చడం తృప్తిగా లేదు. ర్యాలీ కారులో లాగా లివర్ వెనక్కి లాగితే పై గేరు, ముందుకు తోస్తే కింది గేరు పడాలి, అంటే సీక్వెన్షియల్ షిఫ్టర్ (గేర్లు వరసగా ఒక్కొక్కటే మార్చే లివర్) కావాలి. లాజిటెక్ వాళ్ల డ్రైవింగ్ ఫోర్స్ షిఫ్టర్ హెచ్ ప్యాటర్న్ (మామూలు కారులో లాగా ఒక్కో గేరుకీ ఒక్కో స్థానం) మాత్రమే కాబట్టి దాన్ని వదిలేశాను.

థ్రస్ట్‌మాస్టర్ కంపెనీ టీహెచ్8ఏ షిఫ్టర్ చూస్తున్నాను. లివర్ చుట్టూ ఉండే ప్లేటు మారిస్తే సీక్వెన్షియల్‌గా పనిచేస్తుంది, యూఎస్‌బీతో నేరుగా పీసీకి పెట్టుకోవచ్చు. వాళ్లదే టీఎస్ఎస్ హ్యాండ్‌బ్రేక్ కూడా షిఫ్టర్‌గా మారుతుంది గానీ, అప్పుడు హెయిర్‌పిన్ మలుపుల్లో హ్యాండ్‌బ్రేక్ ఉండదు కదా. రెండూ వాడినవాళ్లున్నారా? గట్టిగా లాగినప్పుడు ఏది నమ్మకంగా ఉంటుంది?

అసలు టెన్షన్ బిగింపు దగ్గరే. నా రిగ్ (సీటు, స్టీరింగ్ బిగించే ఫ్రేము) గాడులున్న అల్యూమినియం ప్రొఫైల్ కడ్డీలతో చేసింది కాదు, ఇక్కడి వెల్డింగ్ షాపులో చదరపు ఇనుప పైపుతో చేయించింది. లివర్ స్టీరింగ్ పక్కనే, చెయ్యి చాచకుండా అందేంత ఎత్తులో రావాలి. ఒక్క పైపు మీద ప్లేటు వెల్డ్ చేయిస్తే లాగిన ప్రతిసారీ ఊగుతుందేమో! కింద ఏటవాలుగా ఇంకో సపోర్టు పెట్టించాలా? ప్లేటు ఎంత మందం ఉండాలి? ముందుకూ వెనక్కీ జరుపుకోడానికి పొడుగు రంధ్రాలు కోయిస్తే బోల్టులు వదులైపోతాయా? ఇలాంటి రిగ్ ఉన్నవాళ్లు కొలతలు, వీలైతే ఫొటో పెట్టండి.