ఈ వారం సమస్య: చవక సరుకె యన్నింటను జాస్తి వెలది

నిర్వాహకుడు:
ఈసారి తేటగీతి. చివరి పాదం ఇది, పై మూడు పాదాలు మీరు పూరించాలి.

చవక సరుకె యన్నింటను జాస్తి వెలది

ఈ పాదం ఎక్కడ పుట్టిందో చెబుతాను. పోయిన శనివారం మన బెంగళూరులో పాత కంప్యూటర్ సరుకు దొరికే ఎస్పీ రోడ్డుకు వెళ్లాను. అసలు పేరు సదర్ పత్రప్ప రోడ్డు. నాకు కావలసింది ఒకే ఒక్క పాత కీబోర్డు, ఐబీఎం మోడల్ ఎం. 1985లో మొదలైన రకం. ప్రతి మీట కింద ఒక చిన్న స్ప్రింగు ఉంటుంది, నొక్కితే పక్కకు వంగి టక్కుమంటుంది. అంగడాయన గోనెసంచి మూతి విప్పాడు. లోపల ఐదున్నాయి. "ఒకటైతే ఎనిమిది వందలు సార్. లాట్ మొత్తం తీసుకుంటే రెండు వేలే" అన్నాడు.

అప్పుడు మనసు ఎలా లెక్క కడుతుందో గమనించారా? ఐదింటికి నాలుగు వేలు కావాలి, రెండు వేలకే ఇస్తున్నాడు, కాబట్టి రెండు వేలు మిగిలాయి అంటుంది. అసలు జేబులోంచి పోయేది పన్నెండు వందలు ఎక్కువ. ఆ ఎక్కువ పెట్టేది అక్కర్లేని నాలుగింటికి. ఐదూ చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. ఒక్కటే తెచ్చుకున్నాను. దారిలో ఈ పాదం కుదిరింది: చవక సరుకే అన్నిటికంటే ఎక్కువ వెల గలదని.

నియమాలు తెలిసినవే. ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాల్సిన చోటు, నాలుగో గణం మొదటి అక్షరం మీద, ఇక్కడ చ–జా. యతికి బదులు రెండో అక్షరాలను కలిపే ప్రాసయతి కూడా చెల్లుతుంది. 'జాస్తి' ఈ ఊళ్లో మన నోళ్లలో నానిన మాటే కాబట్టి ఉంచాను. ఇంగ్లీషు మాటలు వాడుకోండి, వస్తువు మాత్రం కంటికి కనపడాలి.

మల్లేశ్వరం సభ్యులు:

పాత బోర్డని కొంటిని, బ్యాటరీయె
కారి రాగిదారులనెల్ల కఱచి తినెను;
వేలు పోసిన నతికించు వెజ్జు లేడు;
చవక సరుకె యన్నింటను జాస్తి వెలది.

ఇది నాకు జరిగినదే. 486 అనే పాత తరం కంప్యూటర్ మదర్‌బోర్డు, మూడు వందలకు వచ్చింది.

నిర్వాహకుడు:
చాలా బాగుంది. 'కఱచి తినెను' అన్నది అలంకారం కోసం వేసిన మాట కాదు, జరిగేది అదే. ఆ కాలపు 386, 486 బోర్డుల మీద, కీబోర్డు తగిలించే గుండ్రటి సాకెట్ దగ్గర నీలం రంగు పీపాలాంటి బ్యాటరీ ఉంటుంది. 3.6 వోల్టుల నికెల్-కాడ్మియం. గడియారాన్నీ సెట్టింగులనూ నిలబెట్టడం దాని పని. ఏళ్లు గడిస్తే అది కారుతుంది. కారేది క్షారం. ఆకుపచ్చ పూత కిందికి పాకి రాగి గీతలను తినేస్తుంది. పైకి చిన్న పచ్చటి మరకలాగే కనిపిస్తుంది, అంగడి వెలుతురులో అయితే అది కూడా కనపడదు.

ఛందస్సు విషయం. 'కొంటిని' తరువాత 'బ్యా' సంయుక్తాక్షరం కదా, 'ని' గురువు కాదా అని ఎవరైనా అడగవచ్చు. రెండూ వేర్వేరు మాటలు, సమాసం కాదు, పైగా మధ్యలో ఆగుతున్నాం. 'ని' లఘువే. 'కొంటిని' భగణంగా, అంటే ఒక గురువు, రెండు లఘువులుగా నిలుస్తుంది. పా–బ్యా యతి కూడా సరే.

జయనగర్ సభ్యురాలు:
మల్లేశ్వరం అన్నయ్యా, ఆ బోర్డు పారేయకండి. బ్యాటరీ కత్తిరించి తీసేసి, మరక మీద తెల్ల వెనిగర్‌తో గానీ నిమ్మరసంతో గానీ బ్రష్ చేయండి. క్షారం విరుగుతుంది. తరువాత డిస్టిల్డ్ వాటర్, ఆపైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్. పూర్తిగా ఆరాక మీటరు పెట్టి ఒక్కొక్క గీతా చూడండి. తెగిన చోట సన్నటి తీగతో కలపవచ్చు. మూడో పాదంలో 'వెజ్జు లేడు', అంటే వైద్యుడు లేడు అన్నారు గానీ, ఓపిక ఉంటే మీరే వెజ్జు.

మార్తహళ్లి సభ్యులు:

గదికి నెలకింత యద్దెను కట్టుచుంటి,
నాల్గు మానిటర్లకు మంచ మడుగు చోటు;
చదరపడుగుల లెక్కను చదివి చూడ
చవక సరుకె యన్నింటను జాస్తి వెలది.

నిర్వాహకుడు:
భావం నన్ను ఆపేసింది. కొన్న ధర ఒక్కసారి కడతాం, చోటు ధర నెలనెలా కడతాం. ఈ ఊళ్లో అద్దెలు తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 'చదరపడుగుల లెక్క' పద్యంలోకి రావడం నాకు ఎంతో నచ్చింది.

కానీ రెండో పాదంలో యతి తప్పింది. మొదట 'నా', నాలుగో గణం 'మడుగు'. న, మ లకు మైత్రి లేదు, ప్రాసయతి కూడా పడలేదు. మాటలను కొంచెం కదిపితే చాలు:

మంచ మడుగున నాలుగు మానిటర్లు

మం–మా కుదిరింది. గణాలూ చూసుకోండి: మంచ, మడుగున, నాలుగు, మాని, టర్లు. అర్థం చెక్కుచెదరలేదు, పైగా 'చోటు' అని విడిగా చెప్పకుండానే చోటు తెలుస్తోంది.

ఒక మాట. అవి గాజు ట్యూబు మానిటర్లయితే వెనక మూత విప్పకండి. స్విచ్ ఆపేసినా ట్యూబులో వేల వోల్టుల ఛార్జి మిగిలి ఉండవచ్చు. పద్యం కంటే మీ ప్రాణం ముఖ్యం.

మార్తహళ్లి సభ్యులు:
దిద్దుబాటుకు ధన్యవాదాలండీ. మూత విప్పను.

బసవనగుడి సభ్యులు:
నిర్వాహకుల అనుభవాన్నే పద్యంలో పెట్టాను. చివరి మాటలో అరసున్న చూడండి.

ఎస్పి రోడ్డంగడుల కేగి యెంచి చూడ
కుప్పపోసిన కీబోర్డు గుట్టలుండె;
ఒక్కటే కొని వచ్చితి నోర్మితోడ;
చవక సరుకె యన్నింటను జాస్తి, వెలఁది!

నిర్వాహకుడు:
భళా! సమస్య విరగ్గొట్టడమంటే ఇది. నేను 'వెల గలది' అన్న అర్థంలో ఇచ్చాను. వీరు 'వెలఁది', అంటే స్త్రీ అని తీసుకుని సంబోధన చేశారు. ఇంటికొచ్చిన భర్త భార్యతో చెప్పుకునే మాటయింది: అన్ని అంగళ్లలోనూ చవక సరుకు జాస్తిగా ఉందమ్మా, నేను మాత్రం ఓర్చుకుని ఒక్కటే తెచ్చాను. 'అన్నింటను' అన్న మాటకు మొదటి పాదంలోని అంగడులు ఆధారమయ్యాయి. ఒక్క కామాతో పాదం దారే మారిపోయింది.

ధర అనే 'వెలది'లో అరసున్న లేదు, ఆడమనిషి అనే 'వెలఁది'లో ఉంది. ఇప్పుడు అరసున్న రాసేవాళ్లు తక్కువ కాబట్టి పూరణలో చెల్లనిద్దాం.

'ఓర్మితోడ' దగ్గర చాలాసేపు ఆగాను. గోనెసంచి ముందు నిలబడినప్పుడు నాకు కావలసి వచ్చింది సరిగ్గా అదే.

యలహంక సభ్యులు:

నూటపదివోల్ట్లు త్రాగెడు నోటిలోన
రెండు వందల ముప్పది రేగి దుమికె;
పొగలు చిమ్మెను; సరఫరా బోర్డు మాడె;
చవక సరుకె యన్నింటను జాస్తి వెలది.

నిర్వాహకుడు:
పద్యం నిర్దోషం. 'త్రాగెడు నోరు' ఊహ కొత్తగా ఉంది. అమెరికాలో లెక్క 120 అయినా వాడుకలో నూటపది అనే అంటాం, పర్వాలేదు. అక్కడి నుంచి వచ్చిన యంత్రం కొనేవాళ్లు వెనకాల 115, 230 అని రాసిన ఎర్ర స్విచ్ ఉందేమో చూసుకోండి. ఉంటే 230కి తిప్పాకే ప్లగ్గు పెట్టండి. లేకపోతే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, దాని ధరను కూడా యంత్రం ధరలో కలుపుకోవాలి.

జయనగర్ సభ్యురాలు:
మన వోల్టేజీకి చేసినవాటికి కూడా పొగ వస్తుంది. 1984లో బడుల్లో కంప్యూటర్ చదువు కోసం మొదలైన క్లాస్ పథకంలో బీబీసీ మైక్రో అనే కంప్యూటర్లు వచ్చాయి కదా. వాటి పవర్ సప్లైలో రిఫా అనే కాగితం కెపాసిటర్లుంటాయి. తేనె రంగు తొడుగు, దాని మీద సన్నటి పగుళ్లు. పగుళ్లలోంచి చెమ్మ లోపలికి దిగుతుంది, కరెంటు ఇవ్వగానే పేలి గదంతా కంపు కొడుతుంది. ఇల్లు చేరాక మొదట స్విచ్ కాదు, స్క్రూడ్రైవర్ తీయండి.

ఇప్పుడు నా పూరణ. నాన్నగారు ఉద్యోగంలో ఉండగా తెలుగులో టైపు చేసిన ఫ్లాపీలు మా ఇంట్లో ఉన్నాయి. విండోస్‌కు ముందరి డాస్ కాలం నాటివి, అయిదుంబావు అంగుళాలవి. వాటిని ఆయన చూసినట్టుగా ఆ కాలపు తెర మీదే చూడాలని నాకు కోరిక. దానికి జిస్ట్ కార్డు కావాలి. ఐఐటీ కాన్పూర్‌లో మొదలై, కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ చేతుల్లో పెరిగిన పని అది. పీసీ లోపల గుచ్చితే డాస్ ప్రోగ్రాములకు భారతీయ లిపులు వచ్చేవి. రెండేళ్లు వెతికాను. చివరికి తూకానికి అమ్మే సరుకులో దొరికింది.

జిస్టు కార్డది తూకాన చేరె నింట;
నల్లతెరపైన తెలుగున 'నాన్న' యనుచు
నక్షరమ్ములు వెలుగంగ నబ్బురముగ
చవక సరుకె యన్నింటను జాస్తి వెలది.

నిర్వాహకుడు:
అమ్మా, ఇది ఈ వారం ఉత్తమ పూరణ. బసవనగుడి వారు తప్ప అందరూ 'వెల' అంటే ఖర్చు అనుకున్నారు, నేనూ అలాగే ఇచ్చాను. మీరు దాన్ని విలువ చేశారు. పాదంలో ఒక్క అక్షరం మారలేదు, అర్థం మాత్రం ఇటునుంచి అటు తిరిగింది. జి–చే యతి సరైనదే. 'అబ్బురముగ' పాదం చివర ఊరికే పూరించిన మాట కాదు, దాని మీదనే చివరి పాదం నిలబడింది.

మల్లేశ్వరం సభ్యులు:
అక్కా, ఆ సరుకులో ఇంకేమున్నాయి?

జయనగర్ సభ్యురాలు:
ఏడెనిమిది గ్రాఫిక్స్ కార్డులు, ఒక మోడెమ్. అన్నీ కలిపి ఇస్తానన్నాడు. కార్డు ఒక్కటే పక్కకు తీసి తూకం వేయించాను. ఇంట్లో పని చేసే 486 ఉంది. అది ఒకటే, అదే చాలు.

యలహంక సభ్యులు:
అక్కా, ఫ్లాపీలు చదువుతున్నాయా?

జయనగర్ సభ్యురాలు:
పదకొండింటిలో నాలుగు చదివాయి. రెండింటికి బూజు పట్టింది, డ్రైవ్ హెడ్ పాడవుతుందని వాటిని ఇంకా పెట్టలేదు. ఒక దాంట్లో ఆఫీసు ఉత్తరాల మధ్య మా ఊరి చిరునామా, కింద 'అమ్మకు నమస్కారములు' అని సగంలో ఆగిన ఉత్తరం ఉంది. మిగతావి రేపు చూస్తాను.

మార్తహళ్లి సభ్యులు:
నా మానిటర్లలో రెండు బాగా పని చేస్తున్నాయి. జయనగర్ అక్కకు గానీ ఇంకెవరికైనా గానీ కావాలంటే ఈ ఆదివారం వచ్చి తీసుకెళ్లండి, డబ్బులేమీ వద్దు. ఒక్కొక్కటి బరువెక్కువ, ఆటో మాట్లాడుకుని రండి.