సూర్యఘర్ సబ్సిడీ 47 రోజులుగా పడలేదు, పేరు తేడానే కారణమా?

కోటి ఇళ్లపై సోలార్ అంటున్న పీఎం సూర్యఘర్ పథకంలో మేమూ 3 కిలోవాట్ల ప్యానెళ్లు పెట్టించాం. నెట్ మీటర్ (మనం వాడుకున్న కరెంటు, గ్రిడ్‌కు పంపిన కరెంటు రెండూ లెక్కించేది) బిగించారు, తనిఖీ కూడా అయింది. పోర్టల్‌లో బ్యాంకు వివరాలిచ్చి నేటికి 47 రోజులు. 30 రోజుల్లో పడుతుందన్న 78,000 రూపాయలు ఇంకా రాలేదు, స్టేటస్ కదల్లేదు. బ్యాంకుకెళ్లి ఆధార్ లింకు చూపించుకున్నాం, సరిగ్గానే ఉందన్నారు. రెండుసార్లు ఫిర్యాదు పెడితే ‘పరిశీలనలో ఉంది’ అనే జవాబు. ప్యానెళ్లు బిగించినాయన ఇప్పుడు ఫోనే ఎత్తడం లేదు.

ఒక్కటే అనుమానం: కరెంటు బిల్లులో నాన్నగారి ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంది, పాస్‌బుక్‌లో పూర్తిగా ఉంది. అప్పు చేసి పెట్టించాం, అదీ టెన్షన్.

ఇలా పేరు తేడా వచ్చినవాళ్లు దరఖాస్తు రద్దు కాకుండా దాన్ని ఎక్కడ, ఎలా సరిచేయించుకున్నారు?