రౌటర్ మార్చినాక 9 ఏపీలూ (వైఫై ఇచ్చే యాక్సెస్ పాయింట్లు) ఆఫ్‌లైన్ అంటాంది, అన్నీ రీసెట్ కొట్టాల్నా?

కడప_కుర్రోడు:
అన్నా నమస్తే, కొంచెం అర్జెంటు. కడపలో మా మామది లాడ్జి ఉండాది, 3 అంతస్తులు 42 రూములు, యూనిఫై బ్రాండు ఏపీలు 9 పెట్టించినాం, వాటిని నడిపించే కంట్రోలర్ సాఫ్ట్‌వేర్ రిసెప్షన్లో బిల్లులు కొట్టే విండోస్ ల్యాప్‌టాప్‌లోనే ఉంటాది. సెటప్ చేసిన పిల్లోడు బెంగళూరు పోయినాడు, ఫోనెత్తడు. మొన్న నెట్ వాళ్లొచ్చి పాత రౌటర్ పీకి కొత్తది పెట్టిపోయినారు, అప్పట్నుంచి కంట్రోలర్‌లో చూస్తే 9కి 9 ఆఫ్‌లైన్. విచిత్రమేందంటే వైఫై పేర్లు వస్తాండాయి, స్టాఫ్ వైఫైలో మా ఫోన్లకు నెట్ కూడా వస్తాంది, గెస్ట్ వైఫైలోనే వోచర్ నంబర్ అడిగే పేజీ రాదు, తెల్లగా తిరుగుతానే ఉంటాది. దర్గా ఉరుసుకు రూములన్నీ బుక్కయినాయి, వచ్చినోళ్లంతా రిసెప్షన్ కాడికొచ్చి నెట్ ఏదని అడుగుతాండారు, మామ నన్ను తిడతాండాడు. నిచ్చెనేసుకోని అన్నీ రీసెట్ కొట్టేయాల్నా?

సీక్యాంప్_కర్నూలు:
రీసెట్ ఎందుకు బ్రో, ఒక్కో ఏపీలోకి ఎస్ఎస్‌హెచ్‌లో (దూరం నుంచి కమాండ్లు కొట్టే దారి) పోయి సెట్-ఇన్‌ఫార్మ్ కమాండ్ కొట్టు, కంట్రోలర్ కొత్త ఐపీ వెనక కోలన్ 8080, ఆ తర్వాత స్లాష్ ఇన్‌ఫార్మ్, అంతే. యూజర్ నేమ్ పాస్‌వర్డ్ రెండూ యూబీఎన్‌టీ.

తీగలోడు_అనంతపురం:
ఆగప్పా ఆగు. యూబీఎన్‌టీ పాస్‌వర్డ్ డబ్బాలోంచి తీసిన కొత్త ఏపీకి, లేదంటే రీసెట్ కొట్టినదానికి పనిచేస్తాది. కంట్రోలర్‌కి అడాప్ట్ అయినాక (అంటే దాని కింద చేరినాక) అది మారిపోతాది, కంట్రోలర్ సెట్టింగ్స్‌లో డివైస్ అథెంటికేషన్ అని ఉంటాది, అందులో ఉన్నదే కొట్టాల. 9 ఏపీలకి ఆ పని చేసేకంటే ముందు అసలేమైందో చూద్దాం.

తమ్ముడూ, ఏపీకి కంట్రోలర్ ఎక్కడుందో ఒక అడ్రస్ గుర్తుంటాది, పొద్దస్తమానం ఆ అడ్రస్‌కే పోయి తలుపు కొడతాది. రౌటర్ మారితే లోపలి ఐపీ వరస మారి ఉంటాది, ల్యాప్‌టాప్ ఇల్లు మారింది, ఏపీలేమో పాత ఇంటి తలుపే కొడతాండాయి. కంట్రోలర్ కనపడకపోయినా ఆఖరున ఇచ్చిన సెట్టింగ్స్‌తో ఏపీ వైఫై ఇస్తానే ఉంటాది, అందుకే మీ స్టాఫ్ ఫోన్లకి నెట్ వస్తాంది. వోచర్ పేజీ మాత్రం ఏపీ ఇచ్చేది కాదు, ల్యాప్‌టాప్‌లోని కంట్రోలర్ ఇచ్చేది, అందుకే గెస్టులకే ఇబ్బంది. పాత రౌటర్ ఐపీ ఏంది, కొత్తదాంది ఏంది చెప్పు. ల్యాప్‌టాప్ పాత ఐపీ యాడన్నా రాసిపెట్టినారా?

కడప_కుర్రోడు:
కొత్తది 192.168.0.1 అన్నా. పాతది 192.168.1.1. ఆ పిల్లోడు నెట్‌వర్క్ స్విచ్ (ఏపీల తీగలన్నీ కలిసే డబ్బా) ఉండే బాక్సు తలుపు లోపల పెన్సిల్తో "కంట్రోలర్ 1.10" అని రాసినాడు, ఇప్పుడే చూసినా. నెట్ వాళ్లు ల్యాప్‌టాప్‌లో నెట్ రావట్లేదని ఐపీ ఆటోమేటిక్‌కి మార్చినారంట, మామ చెప్పినాడు.

తీగలోడు_అనంతపురం:
ఆ పిల్లోడు బంగారమప్పా, తలుపు మీద రాసి పెట్టిపోయినాడు చూడు. అయితే ఏపీల జోలికే పోవద్దు. 9 ఏపీలకి కొత్త అడ్రస్ నేర్పించేకంటే ఒక్క రౌటర్‌ని పాత అడ్రస్‌కి మార్చడం సులువు. రౌటర్ పేజీలో లాన్ సెట్టింగ్స్‌కి పోయి 192.168.1.1 పెట్టు, డీహెచ్‌సీపీ వరస (రౌటర్ తనంతట తాను పంచే ఐపీలు) 20 నుంచి 250 దాకా ఇయ్యి (10ని అందులో కలపొద్దు, వేరే ఫోన్ ఎత్తుకుపోతాది), ల్యాప్‌టాప్‌కి చేత్తో 192.168.1.10, మాస్క్ 255.255.255.0, గేట్‌వే 192.168.1.1, డీఎన్ఎస్ కూడా అదే. ఇంకోటి, రౌటర్ ముందర ఫైబర్ డబ్బా వేరేగా ఉండి అదికూడా 192.168.1 వరసే ఇస్తాంటే రెండూ కొట్టుకుంటాయి, ఒకే డబ్బా అయితే భయం లేదు. అన్నీ అయినాక స్విచ్ ఒకసారి ఆపి వేయి, లేకుంటే ఏపీలు ఇప్పుడున్న ఐపీనే పట్టుకోని కూర్చుంటాయి.

కడప_కుర్రోడు:
ఒకటే డబ్బా అన్నా. అన్నీ మార్చినా, స్విచ్ ఆపి వేసినా, పది నిమిషాలు చూసినా, ఒక్కటి కూడా రాలే. ల్యాప్‌టాప్‌లో నెట్ బాగానే వస్తాంది.

తీగలోడు_అనంతపురం:
స్టాఫ్ వైఫైకి కనెక్టయిన ఫోన్లో బ్రౌజర్ తెరిచి హెచ్‌టీటీపీఎస్‌తో 192.168.1.10 కోలన్ 8443 కొట్టు, కంట్రోలర్ లాగిన్ పేజీ రావాల. గెస్ట్ వైఫైలోంచి కొట్టొద్దు, ఆడ లోపలి మిషన్లు కనపడకుండా మూసి ఉంటాది.

కడప_కుర్రోడు:
ఫోన్లో రావట్లే. అదే ల్యాప్‌టాప్‌లో కొడితే వస్తాంది.

సీక్యాంప్_కర్నూలు:
ఫైర్‌వాల్!! నాకూ ఒకసారి ఇట్లే అయింది. రౌటర్ మారితే విండోస్ దాన్ని కొత్త నెట్‌వర్క్ అనుకోని "పబ్లిక్" అని పెట్టేస్తాది, బస్టాండ్ వైఫై లెక్క, బయటినుంచి ఎవురొచ్చినా తలుపు తీయదు. పాత నెట్‌వర్క్ "ప్రైవేట్"లో ఉండి ఉంటాది, పర్మిషన్ దానికే ఇచ్చింటారు. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ పేరు మీద నొక్కి ప్రొఫైల్ ప్రైవేట్ చెయ్యి.

తీగలోడు_అనంతపురం:
కరెక్టు పట్టినావప్పా, నాకు ముందే తట్టాల్సింది. ప్రైవేట్ చేసినాక కూడా రాకుంటే ఫైర్‌వాల్‌లో టీసీపీ 8080 తెరువు, అది ఏపీలు మాట్లాడేది, వోచర్ పేజీకి 8880, 8843, ఇవి కాక యూడీపీ 3478, 10001. ఫైర్‌వాల్‌ని మొత్తం ఆపేయొద్దు, ఆ ల్యాప్‌టాప్‌లో మీ బిల్లులుండాయి.

కడప_కుర్రోడు:
అన్నా ప్రైవేట్ చేసిన రెండు నిమిషాలకి టపటపా 7 వచ్చినాయి!! వోచర్ పేజీ తెరుచుకునింది, మామ టీ తాగిస్తా అన్నాడు. ఇంకా రెండు రాలే. 2వ అంతస్తు చివరది తెల్ల లైటు వెలుగుతాంది, మిగతావన్నీ నీలం. 3వ అంతస్తులో మెట్ల కాడిదానికి లైటే లేదు.

తీగలోడు_అనంతపురం:
తెల్ల లైటు అంటే ఎవురికీ అడాప్ట్ కాలేదని, ఎవురో పిన్నుతో రీసెట్ నొక్కినారు, నువ్వు కాదు కదా? కంట్రోలర్‌లో పాత ఎంట్రీ ఫర్గెట్ కొట్టి, పెండింగ్ అని కనపడినాక అడాప్ట్ కొట్టు, పేరూ ఛానెలూ మళ్లీ పెట్టుకోవాల. లైటే లేనిదానికి కరెంటు అందట్లే. స్విచ్‌లో ఎన్ని పోర్టులకి పీఓఈ (నెట్ తీగలోనే కరెంటు పంపేది) ఉంది?

కడప_కుర్రోడు:
నేనే అన్నా, ఇక్కడ అడగకముందు ఒకదానికి నొక్కి చూసినా 😅 అది అడాప్ట్ అయింది ఇప్పుడు. స్విచ్ 16 పోర్టులు, 8కే పీఓఈ ఉండాది. 9వ ఏపీకి వేరే ఇంజెక్టర్ (నెట్ తీగలోకి కరెంటు ఎక్కించే డబ్బా) పెట్టింటే, నెట్ వాళ్లు దాని ప్లగ్గు పీకి ఆ సాకెట్లో కొత్త రౌటర్ అడాప్టర్ పెట్టినారు!! ఇంజెక్టర్ బాక్సు వెనకాల వేలాడతాంది. ఎక్స్‌టెన్షన్ బోర్డు తెచ్చి పెట్టినా, వచ్చింది. 9కి 9.

ఇంకో డౌటు, జనం ఎక్కువున్నప్పుడు కొన్ని ఫోన్లు "ఐపీ అడ్రస్ పొందుతోంది" అని ఆడనే ఆగిపోతాయి, పాత రౌటర్లో కూడా ఉండేది.

సీక్యాంప్_కర్నూలు:
అడ్రస్‌లు అయిపోతాండాయి బ్రో. చాలా రౌటర్లలో 100 నుంచి 199 దాకానే ఇస్తారు, అంటే 100 ఫోన్లు. 42 రూములకి రూముకి ముగ్గురు వేసుకున్నా 126. పైగా లీజు (ఒక ఫోన్‌కి ఇచ్చిన అడ్రస్ గడువు) 24 గంటలుంటే పొద్దున ఖాళీ చేసి పోయినోడి అడ్రస్ సాయంత్రం దాకా వాడి పేరు మీదనే ఉంటాది. ఇప్పుడు 20 నుంచి 250 పెట్టినావు కాబట్టి సగం తీరింది, లీజు 2 గంటలు చెయ్యి.

తీగలోడు_అనంతపురం:
అదే. ఉరుసు అయినాక తీరిగ్గా గెస్టులకి వేరే వీలాన్ (అవే తీగల మీద విడిగా నడిచే నెట్‌వర్క్) చేసుకో, బిల్లులు కొట్టే ల్యాప్‌టాప్, గెస్టుల ఫోన్లు ఒకే వరసలో ఉండడం నాకు నచ్చదు. పాత రాతి గోడల బిల్డింగా మీది? అట్లయితే చాలామంది పవర్ హై పెట్టుకుంటారు, అది తప్పు. ఏపీ గట్టిగా అరిచినా ఫోను గొంతు చిన్నదే కదా, రెండు గోడలవతల నుంచి ఫోన్ పలికేది ఏపీకి వినపడదు, సిగ్నల్ పుల్లలు ఫుల్‌గా కనిపిస్తాయి కానీ నెట్ పోదు. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి పవర్ "లో" లేదా "మీడియం", ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్, ఛానెళ్లు 1, 6, 11 మాత్రమే, పక్కపక్క ఏపీలకీ కిందా పైనా అంతస్తుకీ ఒకటే రాకుండా మార్చి మార్చి పెట్టు.

ఇంక ల్యాప్‌టాప్ మూత వేస్తే నిద్రపోకుండా పవర్ సెట్టింగ్ మార్చు, అది పడుకుంటే వోచర్ పేజీ కూడా పడుకుంటాది. ఈ రాత్రే కంట్రోలర్ బ్యాకప్ డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకో, బ్యాకప్ లేకుండా ఆ ల్యాప్‌టాప్ పోతే అప్పుడు నిజంగానే నిచ్చెనేసుకోని 9 రీసెట్ కొట్టాల.

కడప_కుర్రోడు:
బ్యాకప్ తీసినా అన్నా, పెన్‌డ్రైవ్ మామ బీరువాలో పెట్టినాడు. తలుపు లోపల ఆ పిల్లోడి రాత కింద రౌటర్ ఐపీ, లీజు, ఏ ఏపీ ఏ పోర్టో అన్నీ స్కెచ్చు పెన్నుతో రాసినా. ఇంజెక్టర్ ప్లగ్గుకి టేపు చుట్టి "పీకొద్దు" అని పెద్దక్షరాల్లో రాసి అంటించినా.

సీక్యాంప్_కర్నూలు:
దాని పక్కన ఇంకో ఖాళీ సాకెట్ కూడా పెట్టించు బ్రో, చోటు లేకుంటే టేపున్నా పీకుతారు.