మా తాతయ్య అన్నమాట నిజమేనా అండి? ఐఆర్ 8 వడ్లకీ కమ్యూనిస్టుల భయానికీ సంబంధం

పాలకొల్లు కుర్రోడు:

అందరికీ నమస్తే అండి. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు, నేను హైదరాబాద్‌లో జాబ్ చేస్తున్నా. సంక్రాంతికి ఇంటికెళ్ళి అటక మీద సామాన్లు దింపుతుంటే మా తాతయ్య ట్రంకుపెట్టె దొరికింది. అందులో శిస్తు రసీదులు, సొసైటీ అప్పు కాగితాలు, రష్యా వాళ్ళు తెలుగులో వేసిన సోవియట్ భూమి పత్రికలు ఓ కట్ట, ఆ కట్ట మధ్యలో ఐఆర్ 8 అనే అప్పటి కొత్త రకం వరికి ఎరువు ఎప్పుడెంత వెయ్యాలో చెప్పే పాత కరపత్రం ఒకటి. ఈ రెండూ ఒక్కచోట ఎందుకున్నాయమ్మా అని అడిగితే, తాతయ్య 1955 ఎన్నికల్లో కమ్యూనిస్టుల కంకి కొడవలి జెండా పట్టుకుని ఊరూరూ తిరిగారంట, ఆ తర్వాత పన్నెండేళ్ళకి మా ఊళ్ళో ఐఆర్ 8 వేసిన మొదటివాళ్ళలో ఆయనొకరంట.

నా చిన్నప్పుడు ఆయన అరుగు మీద కూర్చుని అన్నమాట ఒకటి గుర్తుంది. "ఆ విత్తనం మన మీద ప్రేమతో రాలేదురా, కడుపు కాలితే వీళ్ళంతా రష్యా వాడి వెనకాల పోతారని అమెరికా వాడికి భయం పుట్టి వచ్చింది" అనేవారు. అప్పుడు నాకేం అర్థం కాలేదు, ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేరు. నిజంగా మన గోదావరి చేలకీ ఆ అమెరికా రష్యా గొడవకీ లింకు ఉందా అండి? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి, నెట్‌లో వెతికితే అన్నీ ముక్కలు ముక్కలుగా దొరుకుతున్నాయి.

భీమవరం మాస్టారు:

బాబూ, మీ తాతగారిది ఉత్త మాట కాదు. నేను ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో సోషల్ చెప్పాను, ఈ విషయం పుస్తకంలో ఒక్క లైనులో పోయేది, నాకు మాత్రం అది మన ఊళ్ళ కథే అనిపించేది, అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపిక పట్టు.

1949 జనవరిలో ట్రూమన్ అమెరికా అధ్యక్షుడిగా ప్రమాణం చేసినప్పుడు ఇచ్చిన ఉపన్యాసంలోనే ఉంది, పేద దేశాల పేదరికం వాళ్ళకే కాదు బాగున్న దేశాలకి కూడా ముప్పు అని. అదే ఏడాది అక్టోబర్‌లో చైనాలో మావో ప్రభుత్వం వచ్చేసింది. ఇంక అమెరికాలో చైనాని ఎవరు పోగొట్టారు అని ఒకళ్ళనొకళ్ళు తిట్టుకోవడం మొదలు, మరుసటేడు మెకార్తీ అనే సెనేటర్ లేచి ప్రభుత్వం నిండా కమ్యూనిస్టులే అని ఎంతమంది ఉద్యోగాలు ఊడగొట్టించాడో. అప్పుడు వాళ్ళ కళ్ళు ఇండియా మీద పడ్డాయి. యుద్ధం తర్వాత యూరప్‌కి అమెరికా ఇచ్చిన సాయం, అదే మార్షల్ ప్లాన్, నడిపించిన పాల్ హాఫ్‌మన్ 1951లో ఫోర్డ్ ఫౌండేషన్ అనే అమెరికా దాతృత్వ సంస్థకి పెద్దగా వచ్చాడు, పల్లెల్లో రైతుకి సాయం చేసే ప్రోగ్రాం చైనాలో ముందే పెట్టుంటే ఆ దేశం కమ్యూనిజంలోకి పోయేది కాదని ఆయన గట్టి నమ్మకం. ఫోర్డ్ వాళ్ళు ఢిల్లీలో ఆఫీసు తెరిచింది ఆ నమ్మకంతోనే.

ఇప్పుడు మన దగ్గరికి రా. 1952 ఎన్నికల్లో మద్రాసు రాష్ట్రంలోని ఆంధ్ర ప్రాంతంలో 140 సీట్లుంటే కమ్యూనిస్టులకి 41, కాంగ్రెస్‌కి 40. తెలంగాణ సాయుధ పోరాటం విరమించి అప్పటికి మూడు నెలలు! ఢిల్లీలో వాళ్ళకి నిద్ర పట్టలేదంటే పట్టదు మరి. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, ఏడాది తిరిగేసరికి ప్రకాశం గారి ప్రభుత్వం పడిపోయింది, 1955 ఫిబ్రవరిలో మధ్యంతర ఎన్నికలు. మీ తాతగారు జెండా పట్టింది ఆ ఎన్నికల్లోనే. కమ్యూనిస్టులు గెలిచేస్తున్నారు అని దేశమంతా అనుకుంది, అమెరికా పేపర్లు కూడా రాశాయి. కాంగ్రెస్ మిగతా పార్టీల్ని కలుపుకుని ఒక్క ఫ్రంటుగా దిగింది, బొంబాయి నుంచి ఎస్.కె.పాటిల్ వచ్చి ప్రచారం దగ్గరుండి నడిపించాడు, వీళ్ళొస్తే నీ చేను ఉండదు నీ గుడి ఉండదు అని ఇంటింటికీ చెప్పారు. దానికి తోడు జనవరి నెలాఖర్లో మాస్కోలో కమ్యూనిస్టు పార్టీ పత్రిక ప్రావ్దా నెహ్రూ గారి విదేశాంగ విధానాన్ని మెచ్చుకుంటూ రాసింది, కాంగ్రెస్ వాళ్ళు దాన్నే అచ్చేసి పంచారు, మీ రష్యా వాడే నెహ్రూని మెచ్చుకుంటుంటే ఇంక మీరెందుకు అని. పాపం ఇక్కడ జెండా మోసినవాళ్ళు ఏం జవాబు చెప్తారు చెప్పు. ఫలితం 196 సీట్లకి కాంగ్రెస్ కూటమికి 146, కమ్యూనిస్టులకి 15. కానీ బాబూ, ఓట్లు చూస్తే వాళ్ళకి వందకి 31 వచ్చాయి. సీట్లు పోయాయి గానీ మనుషులు ఎక్కడికీ పోలేదు.

ఆ లెక్క చూసినవాళ్ళకి భయం ఎలా పోతుంది? 1959లో ఫోర్డ్ వాళ్ళ నిపుణుల బృందం ఇండియాలో తిండి కరువు ముంచుకొస్తోందని రిపోర్టు ఇచ్చింది, నీళ్ళు బాగా ఉన్న జిల్లాలు ఎంచి విత్తనం ఎరువు అప్పు సలహా అన్నీ ఒకేసారి పెట్టండి అంది. 1960-61లో మొదలైన ఆ ప్యాకేజీ ప్రోగ్రాంకి మొదట తీసుకున్న ఏడు జిల్లాల్లో మన పశ్చిమగోదావరి ఒకటి. కాలువలున్నాయి కాబట్టి ఎంచారు, అది నిజమే. ఎర్రజెండా బలంగా ఉన్న జిల్లా అన్న సంగతి వాళ్ళకి తెలీదని మాత్రం నేననుకోను.

ఇంకొక్కటి చెప్పి ఆపుతా. ఈ కొత్త విత్తనాలూ ఎరువులతో వచ్చిన మార్పుకి హరిత విప్లవం అనే పేరు పెట్టింది రైతు కాదు, సైంటిస్టు కాదు. అమెరికా ప్రభుత్వ సాయం పంచే సంస్థకి పెద్దగా ఉన్న విలియం గాడ్ అనే ఆయన 1968 మార్చి 8న వాషింగ్టన్‌లో మాట్లాడుతూ, ఇది సోవియట్ల ఎర్ర విప్లవం కాదు ఇరాన్ షా గారి తెల్ల విప్లవం కాదు, దీన్ని నేను ఆకుపచ్చ విప్లవం అంటాను అన్నాడు. ఆ పేరులోనే మీ తాతగారి మాట ఉంది.

మారుటేరు రోడ్డు:

మాస్టారికి నమస్కారం, చాలా బాగా చెప్పారు, కానీ నాదొక అభ్యంతరం ఉందండి. నేను అగ్రికల్చర్ చదివినవాణ్ణి. డబ్బు భయంతోనే వచ్చి ఉండొచ్చు, రాక్‌ఫెల్లర్ ఫోర్డ్ ఫౌండేషన్లు రెండూ కలిసి 1960లో ఫిలిప్పీన్స్‌లో ఇర్రి అనే వరి పరిశోధన సంస్థ పెట్టాయి, 1966 అక్టోబర్‌లో అమెరికా అధ్యక్షుడు జాన్సన్ స్వయంగా అక్కడి మళ్ళు చూడ్డానికి వెళ్ళాడు, వియత్నాం యుద్ధం మధ్యలో. ఇవన్నీ ఒప్పుకుంటా. అంతమాత్రాన విత్తనాన్నే కుట్ర కింద లెక్కెయ్యడం నాకు నచ్చదు.

అసలు సమస్య ఏంటంటే మన పాత రకాలు, అక్కుళ్ళు గానీ కొణామణి గానీ, నిలువెత్తు పెరిగేవి. ఎరువు వేస్తే ఇంకా ఏపుగా పెరిగి గింజ పాలుపోసుకునే టైంకి చేను పడిపోయేది. అందుకే ప్యాకేజీ ప్రోగ్రాంలో ఎంత ఎరువు ఇచ్చినా మొదట్లో దిగుబడి అనుకున్నంత కదల్లేదు. ఇర్రిలో పీటర్ జెన్నింగ్స్ ఇండోనేషియా పొడుగు రకం పేటాని తైవాన్ పొట్టి రకంతో కలిపాడు, ఆ కలపడాల్లో ఎనిమిదోది ఐఆర్ 8. హెన్రీ బీచెల్ అందులోంచి మంచి మొక్క ఏరాడు, ఎంత ఎరువుకి ఎంత పండుతుందో లెక్క తేల్చింది మన ఇండియా ఆయనే, ఎస్.కె.దే దత్తా. నడుమెత్తు మొక్క, 130 రోజుల పంట, ఎరువు తిని నిలబడుతుంది. సార్వా అంటే వానాకాలం పంట కోసి దాళ్వా అంటే రెండో పంట వెయ్యడానికి మన డెల్టాకి సరిగ్గా అమిరింది.

1967లో ఆచంట నెక్కంటి సుబ్బారావు గారు దీన్ని వేసి, పండిన గింజంతా విత్తనానికే ఇచ్చి దేశమంతా పాకించారు, ఆయన్ని మిస్టర్ ఐఆర్ 8 అనేవారు. అప్పటికి ఆయనకి ముప్ఫై కూడా లేవు. వాషింగ్టన్‌లో ఎవరు దేనికి భయపడ్డారో తర్వాత సంగతి, ఒక కుర్ర రైతు తన చేలో తెలీని విత్తనం పెట్టి ఏడాది ఖర్చు పణంగా పెట్టాడు చూడండి, మీ తాతగారు కూడా అదే చేశారు, ఆ ధైర్యాన్ని భయం ఖాతాలో రాసెయ్యకండి ప్లీజ్.

ఇంకోటి, దక్షిణ వియత్నాంలో ఐఆర్ 8ని హోండా బియ్యం అనేవాళ్ళు, ఒక పంటతో హోండా బండి కొనచ్చని. కమ్యూనిస్టుల్ని ఆపడానికే అమెరికా అక్కడ పంచింది. కానీ అదే విత్తనం ఉత్తర వియత్నాంకి కూడా చేరి వేరే పేరుతో పండింది.

రాజోలు అమ్మాయి:

ఇద్దరూ మగాళ్ళ వైపు నుంచే చెప్పారండి, చేలో వంగున్నవాళ్ళ వైపు నుంచి నేను చెప్తా. మా అమ్మమ్మ ఊడ్పులకీ కోతలకీ కూలికెళ్ళిన మనిషి. అమెరికా అంటే ఆవిడకి గోధుమలు. 1965, 66ల్లో దేశంలో వరసగా రెండేళ్ళు వానలు లేక, 1966 ఒక్క ఏడాదే కోటి టన్నులకి పైగా తిండిగింజలు బయటినుంచి తెచ్చుకున్నాం, అందులో ఎక్కువ పీఎల్ 480 అనే చట్టం కింద అమెరికా పంపిన గోధుమలే. వియత్నాం మీద బాంబులు వెయ్యడాన్ని మన ప్రభుత్వం తప్పుబట్టిందని జాన్సన్‌కి కోపం, అందుకే ఓడల్ని ఒకేసారి వదలకుండా నెలనెలా లెక్కపెట్టి వదిలేవాడు. ఎవరి మీద కోపం ఎవరి కంచంలో తేలింది చూడండి. వరి పండించే చేతుల్తో గోధుమలు ఏం చేసుకోవాలో తెలీక మా అమ్మమ్మ వాటిని దంచి జావ కాసేదంట. బళ్ళో పిల్లలకి పాలపొడి కలిపి ఇచ్చేవారంట, మా మావయ్య దానికోసమే బడికెళ్ళాడని ఇప్పటికీ చెప్తాడు.

ఐఆర్ 8 వచ్చాక పని రోజులు పెరిగాయి, దాళ్వా కూడా ఊడ్పులే కాబట్టి, అది మంచే, అమ్మమ్మ కూడా ఒప్పుకునేది. కానీ కూలికి వడ్లు కొలిచేటప్పుడు ఐఆర్ 8 కొలిచేవారంట, ఇంటికి పాత రకం దాచుకునేవారు. ఆ బియ్యం లావు, మరపడితే నూకైపోయేది, అన్నం చల్లారితే గట్టిపడేది. పొద్దున్న వండుకుని చేనికి తీసుకెళ్ళి మధ్యాహ్నం తినేవాళ్ళకి చల్లారిన అన్నం ఎలా ఉందనేదే ముఖ్యం కదండి.

కౌలు వాళ్ళ సంగతి అసలు ఎవరూ ఎత్తలేదు. ఎరువుకి అప్పు కావాలి, అప్పుకి కాగితం కావాలి, మన డెల్టాలో కౌలంతా నోటిమాట. పంట పెరిగిందని కౌలు పెంచారు, పెరిగినదాంట్లో కౌలు రైతు దగ్గర ఎంత మిగిలింది? ఆ రోజుల్లో ఒక అమెరికన్ పరిశోధకురాలు వచ్చి ఐదు జిల్లాలు తిరిగితే అందులో పశ్చిమగోదావరి ఉంది, సొంత పొలం ఎక్కువ ఉన్నవాళ్ళకే లాభమంతా పోయిందని ఆవిడా రాసింది. 1969లో మన కేంద్ర హోంశాఖే ఒక రిపోర్టులో ఈ తేడాల వల్ల పల్లెల్లో అలజడి రావచ్చని భయపడింది. ఎర్రజెండాని ఆపుతుందని పెట్టిన విత్తనమే మళ్ళీ దాన్ని తెస్తుందేమోనని భయం అన్నమాట. మీ తాతగారి పెట్టెలో రెండు కాగితాలూ పక్కపక్కన ఎందుకున్నాయో నాకైతే అర్థమైందండి.

మారుటేరు రోడ్డు:

కౌలు మాట నిజం మేడమ్, నేను రాయకపోవడం తప్పే. నోటి కౌలు ఇప్పటికీ మారలేదు, మా ఊళ్ళో ఇవాళ్టికీ పంట నష్టం డబ్బులు పొలం ఉన్నాయన ఖాతాలోనే పడుతున్నాయి. రుచి సంగతి కూడా కరెక్టే, దానికి తోడు తెగుళ్ళు, దోమపోటు వచ్చిందంటే చేను మొత్తం కాలిపోయినట్టయ్యేది. అందుకే ఐఆర్ 8 ఎక్కువ కాలం నిలవలేదు. మన మారుటేరు వరి పరిశోధన స్టేషన్లో వశిష్ఠ రకాన్ని మసూరితో కలిపి 1982లో స్వర్ణ రకం తెచ్చాకే డెల్టా కుదుటపడింది.

పాలకొల్లు కుర్రోడు:

అందరికీ చాలా చాలా థాంక్స్ అండి. రాజోలు అమ్మాయి గారి మెసేజ్ అమ్మకి ఫోన్లో చదివి వినిపించా. అమ్మ కాసేపు మాట్లాడలేదు, తర్వాత చెప్పింది, తాతయ్య కూడా కౌలుకే చేసేవారంట, మాకు సొంత పొలం వచ్చింది నాన్న హయాంలోనే అంట. ఇది నాకు ఇన్నాళ్ళూ తెలీదు. ఆ పెట్టెలో ఉన్న శిస్తు రసీదులు మళ్ళీ తీసి చూస్తే వాటి మీద తాతయ్య పేరు లేదు, భూస్వామి పేరుంది, ఆయన తరఫున తాతయ్య వెళ్ళి కట్టి వచ్చేవారంట.

మాస్టారూ, మీరు పాలకొల్లు వైపు వస్తే చెప్పండి, ఆ పత్రికలు మీకు చూపిస్తా. మారుటేరు రోడ్డు గారూ, ఐఆర్ 8 విత్తనం ఇప్పుడు కాస్తయినా దొరుకుతుందా అండి? వచ్చే దాళ్వాకి పెరట్లో ఒక చిన్న మడి వేద్దామని అమ్మ అంటోంది.

మారుటేరు రోడ్డు:

స్టేషన్లో అడిగి చెప్తా. పిడికెడు దొరికినా చాలు, నారుకి సరిపోతుంది.